కొన్న పుస్తకము ఎవరి సొత్తు?

2025 సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్ విమానక్షేత్రమున మిగ్-21 యుద్ధవిమానము మన వాయుసేననుండి సెలవు గైకొన్నది. 1963లో కొలువున ప్రవేశించి 62 సంవత్సరములు భారత గగనమును కాచిన విమానమది. 1965, 1971 యుద్ధములను చూచినది. ప్రమాదములలో ఎందఱో యువ వైమానికుల ప్రాణములను గొన్నదియు నదియే. ఆ దినమున దేశమునందు వేలకొలది యువకులు, ఇంటి పెద్దను సాగనంపినట్లు, ఆ విమానమును గూర్చి చదివిరి, వ్రాసిరి, వాదించిరి. వారిలో ఒక్కనాడైనను విమానమెక్కనివారే పెక్కుమంది. అట్టివారు మన రాజంపేటయందును గలరు. చెయ్యేటి యొడ్డున పుట్టి, నిమ్మ, అరటి తోటల నడుమ పెరిగి, ఆకాశమున చప్పుడు వినిపించినంతనే తల యెత్తి విమానపు జాతిని చెప్పగల విద్యార్థులు గలరు. వీరు ఏమి చదువుచున్నారు, ఎట్లు చదువుచున్నారు, చదివినది వారియొద్ద నిలుచుచున్నదా యను ప్రశ్న కొందఱికి అల్పముగ తోచవచ్చును. అది అల్పము కాదని మా యభిప్రాయము.

యుద్ధవిమానములయం దాసక్తి గలవారి పఠనము ఇతరుల పఠనమువంటిది కాదు. నవల చదువువాడు మొదటి పుటనుండి కడపటి పుటవఱకు పోవును. వీరట్లు పోరు. పటమును చూతురు, పటము క్రింది వాక్యమును చూతురు, విమానపు తోకపై నున్న సంఖ్యను పట్టుకొని గ్రంథాంతమందలి పట్టికకు పోవుదురు, ఆ విమానము ఏ దళమునకు చెందినది, ఎన్నడు వచ్చినది, ఎన్నడు కూలినది యని విచారింతురు. మఱియొక గ్రంథమున వేఱొక తేదీ కనబడినచో రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి తగవు తీర్తురు. కోర్టులో సాక్షుల వాఙ్మూలములను పోల్చి చూచు ప్లీడరు పనికిని దీనికిని భేదము స్వల్పము. ఇట్లు చదువుట యలవడిన బాలుడు లెక్కలు, భూగోళము, చరిత్ర, యంత్రశాస్త్రము తనకు తెలియకయే నేర్చుకొనును. దీనిని పిల్లచేష్ట యనువారు దీని నెఱుగనివారు.

అయితే ఈ పఠనము దాదాపుగా అంతయు ఇంగ్లీషుననే సాగుచున్నది. పి.వి.ఎస్. జగన్మోహన్, సమీర్ చోప్రాగార్లు 1965 నాటి గగనయుద్ధమును గూర్చి 2005లోను, 1971లో తూర్పు బెంగాలుపై జరిగిన గగనయుద్ధమును గూర్చి 2013లోను ప్రకటించిన ప్రామాణిక గ్రంథములు ఇంగ్లీషువి. ఇట్టి పుస్తకములు రాజంపేట బజారున దొరకవు. తిరుపతికో, చెన్నపట్టణమునకో పోవలెను. లేదా తపాలలో తెప్పించుకొనవలెను. రంగుపటములు గల విదేశ గ్రంథముల వెల కళాశాల విద్యార్థి నెలఖర్చును మ్రింగివేయును. కావున అతడు సెల్‌ఫోనునందు చదువు ఈ-బుక్కు నాశ్రయించుచున్నాడు. కొందఱు వెల చెల్లించి కొనుచున్నారు. కొందఱు ఎవరో అనుమతి లేక ఎక్కించిన ప్రతులను దింపుకొనుచున్నారు. ఈ రెండవ పద్ధతిని మేము సమర్థింపము. గ్రంథకర్త కష్టమునకు ఫలము దక్కకున్నచో రేపు గ్రంథమే యుండదు. కాని సక్రమముగ కొనినవానికి మాత్రము దక్కుచున్నదేమి? ఈ ప్రశ్నకు పిమ్మట వత్తుము.

ఈ విషయము రాయలసీమకు పరాయిది కాదని ముందుగ చెప్పవలసియున్నది. కర్నూలు జిల్లాలోని రక్షణ పరిశోధనాసంస్థవారి ప్రయోగక్షేత్రమున 2025 ఏప్రిల్‌లో లేజరు కిరణములతో డ్రోనును కూల్చు ఆయుధమును, జూలైలో డ్రోనునుండి విడువబడు క్షిపణిని పరీక్షించిరి. హైదరాబాదు బాలానగరులోని హిందుస్థాన్ ఏరోనాటిక్స్ కర్మాగారము 1965లో నెలకొన్నదే మిగ్-21 విమానమునకు వలసిన ఎలక్ట్రానిక్ పరికరములు చేయుటకు. వైమానికాధికారులను తయారుచేయు అకాడమీ దుండిగల్‌లో నున్నది. 2021 నవంబరు 19న అనంతపురము జిల్లాలో చిత్రావతి నడుమ చిక్కుకొన్న 10 మందిని ఒడ్డు చేర్చినది వాయుసేన హెలికాప్టరే. తెలుగు చేతులు విమానపు అంగములను చేసినవి. తెలుగు నేలపై దాని శిక్షణ జరుగుచున్నది. తెలుగు ప్రాణములను అది కాపాడినది. ఇంతటి సంబంధముండియు, దానిని గూర్చి తెలుగున చదువగోరు బాలునికి చేతికందు మంచి పుస్తకము దుర్లభముగ నున్నది.

పుస్తకము లేనిచోట శూన్యముండదు. వదంతి వచ్చి కూర్చుండును. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. ఆ నెలలోనే చెన్నపట్టణమునుండి జనులు మూటాముల్లె కట్టుకొని ఊళ్ళకు పరుగెత్తిరి. ప్రభుత్వ కార్యాలయములును జిల్లాలకు తరలెను. వచ్చినది ఎట్టి విమానము, ఎంతదూరము పోగలదు, ఓడపైనుండి లేచినదా, తీరమునుండి లేచినదా యని తెలిసినవారు వేయింట ఒకరు లేరు. తెలియనిచోట భయము రాజ్యమేలెను.

ఇది గడచిన కాలపు మాట యనుకొనరాదు. 2025 మేనెలలో పాకిస్తానుతో సంఘర్షణ జరిగిన దినములయందు కంప్యూటరు ఆటలలోని దృశ్యములను నిజమైన గగనయుద్ధములని చెప్పి వ్యాపింపజేసిరి. ఇవి యుద్ధదృశ్యములు కావని ప్రభుత్వ సమాచారశాఖవారు చాటవలసి వచ్చెను. మన పొరుగున శ్రీ సత్యసాయి జిల్లాలోని యొక తండాకు చెందిన యువ సైనికుడు ఆ నెలలోనే సరిహద్దున ప్రాణమర్పించెను. ఒక తల్లి కడుపు కోత యనుభవించుచుండ, వేఱొకచోట ఆటబొమ్మల పోరును చూచి చప్పట్లు కొట్టుట జాతికి గౌరవమా? ఆ దృశ్యములను చూచినంతనే, "ఈ విమానము మనయొద్ద లేదు, ఈ పొగ నిజము కాదు" అని మొదట గుర్తింపగలవారు మేము చెప్పుచున్న ఈ పాఠకులే. ఊరికి పదిమంది యిట్టివారున్నచో అబద్ధము ఊరి పొలిమేర దాటదు.

మఱియొక సంగతి. 2025 సెప్టెంబరు 25న రక్షణశాఖవారు 97 తేజస్ విమానములకు 62,370 కోట్ల రూపాయలకు పైబడిన ఒప్పందమును వ్రాసికొనిరి. ఈ ధనము ఎవరిది? అగ్గిపెట్టె కొనినపుడును పన్ను చెల్లించు పేదవానిది. ఆ విమానమేమో, దానికి యంత్రము ఎక్కడనుండి వచ్చునో, ఎందు కాలస్యమగుచున్నదో తెలిసికొనుట పౌరుని హక్కు. తెలిసికొని యడుగుట పౌరుని ధర్మము. చదువనివాడు అడుగజాలడు. అడుగనివానికి లెక్క చెప్పువాడు లేడు. స్వరాజ్యమన్నచో జెండాను మార్చుట మాత్రమే కాదు గదా!

ఇక అచ్చుపుస్తకమా, ఈ-బుక్కా యను తగవునకు వత్తము. ఏ వ్యాజ్యమునందైనను ఉభయపక్షములను వినకుండ తీర్పు చెప్పుట అన్యాయము. ఈ-బుక్కు పక్షమున చెప్పవలసినది చాల గలదు. అర్ధరాత్రి కోరిన పుస్తకము నిమిషమున చేతికి వచ్చును. తపాలఖర్చు లేదు. నూఱు గ్రంథములు చొక్కా జేబులో నిముడును. విమానసంఖ్య నొకదానిని వ్రాసి వెదకుమన్నచో, వేయి పుటలలో అది యెచ్చటెచ్చట నున్నదో క్షణమున చూపును. అచ్చుపుస్తకమున అకారాది సూచిక లేకున్నచో ఇది రెండు దినముల పని. చూపు మందగించినవారు అక్షరమును పెద్దది చేసికొందురు. చూపే లేనివారు చదివించుకొని విందురు. అచ్చు నిలిచిపోయి ఎక్కడను దొరకని పాత పుస్తకము ఈ రూపమున మరల ప్రాణము పోసికొనును.

ప్రభుత్వము దాచినదానిని ప్రజలకు చేర్చిన పుణ్యము కూడ కొంత దీనికి గలదు. 1965 యుద్ధమును గూర్చి రక్షణశాఖ చరిత్రవిభాగమువారు వ్రాయించిన అధికార చరిత్ర 1992లో ముగిసియు చాలకాలము అంగడికి రాలేదు. అధికారుల బీరువాలలో నిదురించెను. 2000 ప్రాంతమున దాని ఎలక్ట్రానిక్ ప్రతి బయటపడగా, దేశమునందలి ఆసక్తిపరు లందఱు చదువగలిగిరి. దేశము చేసిన యుద్ధముయొక్క చరిత్ర దేశప్రజలకు ఈ దారిన చేరవలసివచ్చుట ఏలినవారికి ప్రతిష్ఠ కాదు. అయినను చేరినది గదా! కావున యంత్రమును తిట్టుట మా యుద్దేశము కాదు.

అచ్చుపుస్తకము పక్షమునను సాక్ష్యము బలముగనే యున్నది. విమాన గ్రంథమునందు పటము అలంకారము కాదు, అదియే విషయము. ముందునుండి, ప్రక్కనుండి, పైనుండి చూచినట్లు గీచిన రేఖాచిత్రములు రెండు పుటలు నిండ పఱచియుండును. వానిని అఱచేతి వెడల్పు గల తెరపై చూచుట కోనేటిని చెంబులో చూచుటవంటిది. నలుపు తెలుపుల తెర గల పరికరమున దళముల రంగులు తెలియవు. మఱియు, ఈ పాఠకులు పెన్సిలు లేక చదువరు. పట్టికలో తప్పు కనబడినచోట అంచున దిద్దుదురు. అట్లు దిద్దిన ప్రతి మిత్రుని చేతికి పోయి, అతడు మఱికొంత దిద్ది, పదేండ్లకు అది ఒక క్రొత్త గ్రంథమంత విలువ సంపాదించును. పుస్తకమును అరువిచ్చుట, అడిగి తెచ్చుకొనుట, తిరిగి ఈయలేదని కోపించుట, ఇవి యన్నియు కలిసియే చదువరుల సంఘము నేర్పడజేయును.

అన్నిటికంటె పెద్ద సాక్ష్యము ఒక వీరుని కథ. 1965 సెప్టెంబరు 7న మన మిస్టేర్ విమానములు పాకిస్తానులోని సర్గోధా క్షేత్రముపై దాడికి వెడలెను. ఆ దాడికి పోయినవారిలో కొడగు ప్రాంతపు స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బోపయ్య దేవయ్య యొకడు. అతడు తిరిగి రాలేదు. ఏమయ్యెనో మనవారికి తెలియదు. సంవత్సరములు గడచెను. 1979లో జాన్ ఫ్రికర్ అను ఆంగ్లేయుడు పాకిస్తాను వాయుసేనవారి సహాయముతో ఆ యుద్ధమును గూర్చి యొక గ్రంథమును ప్రకటించెను. అందు ఒక విషయము బయటపడినది: ధ్వనికంటె వేగముగ పోవు స్టార్‌ఫైటర్ విమానమును, దానికంటె ఎంతో మందగామియైన మిస్టేరు ఒకటి ఆనాడు ఎదిరించి పోరాడి కూల్చినది. ఆ పోరాటము చేసినవాడు దేవయ్యయే యని మనవారు విచారించి తేల్చిరి. 1988లో, వీరమరణమునకు 23 సంవత్సరముల పిమ్మట, ఆయనకు మహావీరచక్రము ప్రకటింపబడెను.

ఈ కథయందలి సారమును పాఠకులు గమనింతురుగాక. ఆ గ్రంథము మనవారు వ్రాసినది కాదు; మనకు అనుకూలముగ వ్రాసినదియు కాదు. అయినను అది అచ్చయి, అమ్ముడై, సరిహద్దు దాటి, మన పాఠకుని చేతికి వచ్చెను. వచ్చినదానిని వెనుకకు లాగుకొను శక్తి ప్రచురణకర్తకు లేదు, ఏ ప్రభుత్వమునకును లేదు. ఒక వాక్యమును అందఱి యిండ్లలోను ఒక్కమాఱు చెఱపివేయు ఉపాయము లేదు. కావుననే ఒక సాక్ష్యము నిలిచినది. చనిపోయిన సైనికునికి న్యాయము జరిగినది. పుస్తకము చదువరి చేతిలో స్థిరముగ నుండుటవలన కలుగు ప్రయోజనమిది.

ఇపుడు మొదట విడిచిన ప్రశ్నకు వత్తము. వెల చెల్లించి ఈ-బుక్కు కొనిన విద్యార్థికి దక్కినదేమి? న్యాయవాదవృత్తిలో నుండుటచే దస్తావేజును చివరి పంక్తివఱకు చదువుట మాకు అలవాటు. ఈ-బుక్కుల వర్తకుల నిబంధనలను చదివినచో తెలియునది యేమనగా: అనేక సందర్భములలో వారు అమ్మునది పుస్తకము కాదు, చదువుకొనుటకు ఇచ్చు అనుమతి. తోటను క్రయమునకు కొనుట వేఱు, గుత్తకు తీసికొనుట వేఱు అని రాజంపేట రైతునకు చెప్పనక్కఱలేదు. గుత్తదారు ఫలమును కోసికొనును. చెట్టు అతనిది కాదు. చెట్టును బిడ్డలకు ఈయలేడు, పొరుగువానికి అమ్మలేడు. ఈ-బుక్కు కొనినవాడు క్రయధనమును చెల్లించి గుత్తకాగితమును చేతబట్టుకొని వచ్చుచున్నాడు. "కొనుము" అని పెద్ద యక్షరములతోను, "ఇది అనుమతి మాత్రమే" అని చిన్న యక్షరములతోను వ్రాయుట మర్యాదగల వర్తకము కాదు.

ఇది ఊహ కాదు, జరిగినది. 2009 జూలైలో అమెజాన్ సంస్థవారు, ఒక ప్రచురణకర్తకు అమ్ముటకు హక్కు లేదని తెలియవచ్చుటచే, జార్జి ఆర్వెల్ గ్రంథములు రెండింటిని కొనినవారి కిండిల్ పరికరములనుండి దూరమునుండియే తొలగించిరి. వెల వాపసు నిచ్చిరి. తరువాత క్షమాపణయు చెప్పిరి. కాని ఒక విద్యార్థి ఆ పుస్తకముపై వ్రాసికొనిన వ్రాతలు దానితోపాటు నిరుపయోగమయ్యెను. 2019లో మైక్రోసాఫ్ట్‌వారు తమ పుస్తకాల దుకాణమును మూసివేసినపుడు కొనినవారి గ్రంథములన్నియు మూతపడెను; అచ్చటను వెల తిరిగి వచ్చెను, పుస్తకము పోయెను. 2025 ఫిబ్రవరి 26నుండి అమెజాన్‌వారు, కొనిన కిండిల్ పుస్తకమును కంప్యూటరులోనికి దింపి దాచుకొను సౌకర్యమును ఎత్తివేసిరి. అంగడివాడు దుకాణము కట్టివేసిన రాత్రి, మన యింటి బీరువాలోని పుస్తకములు లేచిపోవుట మన తాతలు కథలలోనైనను వినలేదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమువారు, ఇట్టి వస్తువులను అమ్మునపుడు "ఇది అనుమతి మాత్రమే" అని స్పష్టముగ చెప్పవలెనని చట్టము చేసిరి. అది 2025 జనవరి 1నుండి అమలునకు వచ్చెను. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము అచ్చు ప్రతులను గూర్చి యొక ధర్మమును పాటించుచున్నది: ఇదివఱకే చలామణిలోనికి వచ్చిన ప్రతిపై, దానిని మరల చేతులు మార్చుటకు గ్రంథకర్త యనుమతి యక్కఱలేదు. పాతపుస్తకముల అంగడియు, గ్రంథాలయమును ఈ ధర్మముపైననే నిలిచియున్నవి. ఈ-బుక్కు విషయమున అనుమతిపత్రము ఈ ధర్మమును ప్రక్కకు నెట్టుచున్నది. కాలిఫోర్నియావారు చేసిన పాటి చట్టమైనను మన పార్లమెంటు చేయవలదా? కొనువానికి కొన్నదేదో తెలియుట అంత గొంతెమ్మ కోరికయా?

అట్లని కాగితము శాశ్వతమని మేము వాదింపము. చెదపురుగు చట్టములను చదువదు. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, చెయ్యేరు పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మున్నగు గ్రామములపై విరుచుకొని పడినపుడు, ప్రాణములు పోయెను, ఇండ్లు కొట్టుకొని పోయెను. అట్టి వఱదలో పట్టాదారు పాసుపుస్తకములకు, పిల్లల సర్టిఫికెట్లకే దిక్కు లేనిచోట బడిపుస్తకములను ఎవరు లెక్కింతురు? ఒక్క ప్రతిని ఒక్కచోట నుంచినవాడు దైవముపై భారము వేసినవాడే.

నశింపని పదార్థముపై వ్రాసినంతమాత్రమునను చాలదు. దీనికి సాక్షి మనకు కూతవేటు దూరమున నున్న తాళ్లపాక. అన్నమాచార్యుల సంకీర్తనములను ఆ వంశమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపఱచిరి. రాగికి చెద లేదు, తడి లేదు. అయినను ఆ రేకులు శతాబ్దములు చీకటిగదిలో నుండెను. ఇరువదవ శతాబ్దమున అవి వెలుగు చూచి, సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు పండితులు పరిష్కరింపగా అచ్చయ్యెను. నేడు ఇంటింట పాడుచున్నారు. రాగి కాపాడినది, అచ్చు పంచిపెట్టినది. గ్రంథమునకు రెండును వలయును. నిలుచు శరీరము కావలయును, తెఱచిన తలుపు కావలయును. నేటి ఈ-బుక్కునకు తలుపు తెఱచియున్నట్లే కనబడును. కాని తాళపుచెవి వర్తకుని మొలలో నున్నది.

కడపలో కొలువుచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఈ రహస్యము నెఱిగినవాడు. తాళపత్రము దొరకినచోట సంతోషించి ఊరకుండక, పండితులకు స్వంతధనమునుండి జీతములిచ్చి, ప్రతులకు ప్రతులు వ్రాయించి, పాఠములను పోల్పించెను. ఒక గ్రంథము ఒక్క ఇంటి అటకను, ఒక్క వంశమువారి దయను నమ్ముకొని యుండరాదని ఆయన యెఱుగును. ఆయన పేర కడపలో వెలసిన గ్రంథాలయము మనకు ఈ పాఠమునే చెప్పుచున్నది.

మన పెద్దలు గ్రంథాలయమును స్వరాజ్యోద్యమములో నొక భాగముగ నెంచిరి. కర్నూలులో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో పత్రికారచనకై చెఱసాల కేగి, తరువాతి జీవితమును గ్రంథాలయములకును వయోజన విద్యకును ధారపోసిరి. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము నెలకొన్నది. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో పుస్తకములను నింపి ఊరూర పంచిరి. పుస్తకము చదువరికడకు పోవలెను గాని చదువరి పుస్తకమునకై అలమటింపరాదని వారి సిద్ధాంతము. వారు నేడుండినచో ఈ-బుక్కును తప్పక వాడుకొనియుందురు. అదియు ఒక పడవయే. అయితే పడవవాడు తెచ్చి యిచ్చిన పుస్తకమును రాత్రి వచ్చి యెత్తుకొని పోవుటకు వారు సమ్మతించియుండరు.

ఆ ఉద్యమఫలముగనే 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము వచ్చినది. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి, పురపాలకసంఘములు, పంచాయతీలు దానిని జిల్లా గ్రంథాలయసంస్థకు చెల్లింపవలెనని చట్టము శాసించుచున్నది. ఈ 8 పైసలు దయాధర్మము కాదు. గృహస్థుడు పుస్తకమునకని చెల్లించిన సొమ్ము. దీనిని వసూలుచేసి వేఱు ఖర్చులకు వాడుకొనుట ఎవరు చేసినను ధర్మకర్త తన చేతనున్న నిధిని ఖర్చుచేసికొనుటతో సమానము. 62,370 కోట్ల ఒప్పందము ప్రక్కన 8 పైసలను పెట్టి చూడుడు. మొదటిది ఆకాశమును కాచును. రెండవది ఆ కాపలాను గూర్చి తెలిసికొను పౌరుని తయారుచేయును. రెండవది లేక మొదటిది గ్రుడ్డిది.

కావున మేము చెప్పదలచిన కార్యక్రమము స్వల్పము. రాజంపేట శాఖాగ్రంథాలయమున విమానశాస్త్రము, వాయుసేన చరిత్రలకు ఒక బీరువాను కేటాయింపుడు. నూఱు గ్రంథములు అక్కఱలేదు. ప్రామాణికమైనవి పదునైదు చాలును. ఏవి కావలెనో ఈ యువకులే జాబితా వ్రాసి యిత్తురు. వారికంటె ఎఱిగినవారు లేరు. పటములు, పట్టికలు గలవానిని అచ్చుననే కొనుడు. ఒక్కసారి చదివి విడుచు చిన్న గ్రంథములను ఈ-బుక్కులుగ కొనుటకు మాకు అభ్యంతరము లేదు. కాని దింపుకొని మనయొద్ద దాచుకొనుటకు వీలిచ్చు వర్తకునియొద్దనే కొనుడు. ఇతరులకు డబ్బు చెల్లించునపుడు అది చందాయని, పుస్తకము కాదని తెలిసి చెల్లింపుడు.

ఇంకొక దారి చట్టమే చూపుచున్నది. 2012లో కాపీరైటు చట్టమునకు జరిగిన సవరణలో, లాభాపేక్ష లేని పౌరగ్రంథాలయము తనయొద్ద అచ్చుప్రతి యున్నచో, సంరక్షణకై దానిని ఎలక్ట్రానిక్ రూపమున దాచుకొనవచ్చునని చేర్చిరి. ఈ నిబంధన వివేకమును గమనింపుడు. మూలము అచ్చుప్రతి; ఎలక్ట్రానిక్ ప్రతి దానికి కాపు. చెయ్యేటివంటి నది ప్రక్కన నున్న గ్రంథాలయమునకు ఇంతకంటె పనికివచ్చు నిబంధన యుండునా? దీనిని వాడుకొను గ్రంథాలయములెన్ని యని జిల్లాసంస్థవారు తమ్ము తామే ప్రశ్నించుకొందురుగాక.

చివరిది, ముఖ్యమైనది: తెలుగు పుస్తకము. మన యువకులు ఇంగ్లీషున చదివినది తెలుగున చెప్పవలెను. ఇంజను, రాడారు, రన్‌వే, జెట్టు అను మాటలు ఇప్పటికే మన నోట నానుచున్నవి; వానిని మార్చవలెనను చాదస్తము వలదు. విమానము ఎట్లు లేచును, క్షిపణి ఎట్లు దారి కనుగొనును, 1971లో ఏమి జరిగెను, మిగ్-21 ఎందుకు అన్నిసార్లు కూలెను అను విషయములను నూఱుపుటలలో వ్రాసి, రేఖాచిత్రములతో అచ్చువేసిన చిన్న గ్రంథమొకటి రాయలసీమనుండి వెలువడినచో, ఇంగ్లీషు రాని వేలమంది బడిపిల్లలకు అది మొదటి మెట్టగును. హైదరాబాదు కర్మాగారములలో నలుబదేండ్లు పనిచేసి విశ్రాంతి గైకొన్న తెలుగు పనివారు, వాయుసేననుండి వచ్చిన మాజీ సైనికులు ఊరూర నున్నారు. వారి నోటిమాట వారితో పోకముందే కాగితముపై పెట్టింపవలయును.

"యుద్ధగ్రంథములు చదివిన పిల్లలకు యుద్ధపిపాస కలుగదా?" అని మాతో నొక పెద్దమనుష్యు డనెను. యుద్ధమును ఆటగ చూపు దృశ్యములు పిపాసను పుట్టించును. యుద్ధమును లెక్కగ చూపు గ్రంథము దానిని అణచును. ఏ విమానము ఏ దినమున ఎవరితో కూలినదో వరుసగ చదివిన బాలుడు యుద్ధమును కోరడు. ప్రతి సంఖ్య వెనుక ఒక మనుష్యుడున్నాడని అతనికి తెలియును. "పదిమంది కొఱకు ఒక బీరువాయా?" అని మఱియొకరందురు. పదిమంది చదువుటతోనే గ్రంథాలయోద్యమము మొదలయ్యెను. గ్రంథాలయమున ప్రతి బీరువాయు పదిమంది కొఱకే. అన్ని బీరువాలు కలిసి ఊరందఱి కొఱకు.

యువకులారా! మీరు తెరపై చదువుడు, మాకు సంతోషమే. కాని మీకు ప్రాణతుల్యమైన గ్రంథము ఒక్కటైనను, ఎవరును వెనుకకు తీసికొనజాలని రూపమున, మీ యింటను మీ యూరి గ్రంథాలయమునను ఉండునట్లు చూచుకొనుడు. మీ జాబితాను నేడే వ్రాయుడు. ఏటేట నవంబరు 14నుండి గ్రంథాలయ వారోత్సవములు జరుగును. వచ్చు వారోత్సవములలో దండలు, ఉపన్యాసములు తగ్గినను లోటు లేదు. రాజంపేట గ్రంథాలయమున ఈ బీరువా నిలుచుగాక. దానికి తాళము మాత్రము వేయవలదు.